గిర్మిటు కాగితము: ఫిజీ దీవులలో తెలుగువారు

“దత్తము” అను మాట మన సీమవారికి క్రొత్తది కాదు. 1800వ సంవత్సరమున నిజాము ప్రభువు బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను ఈస్టిండియా కంపెనీ వశము చేసెను. నాటి నుండి ఈ నేలకు దత్త మండలములని పేరు వచ్చినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నది కంపెనీ. నడుమ నున్న రైతును అడిగినవారు లేరు. నందికొట్కూరు, నంద్యాల ప్రాంతములు మరి కొంతకాలము కర్నూలు నవాబు క్రింద నుండి, 1839లో గులాం రసూల్ ఖానుని పదవీచ్యుతుని చేసిన పిమ్మట కంపెనీ ఏలుబడిలో చేరినవి. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినపుడు మన పెద్దలు ఆ దత్తనామమును త్రోసిపుచ్చి, ఈ సీమకు రాయలసీమ యని పేరు పెట్టుకొనిరి. ఒకరు మరొకరికి ఇచ్చిన వస్తువుగా పిలువబడుటకు మన వారికి మనసొప్పలేదు.

ఇట్లే దత్తమైన దేశము మరియొకటి భూగోళమున ఆవలి దిక్కున కలదు. అది పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న ఫిజీ దీవుల సమూహము. 1874లో అది బ్రిటిషు రాణికి దత్తమయ్యెను. అచ్చటికి మన తెలుగువారు వేలకొలది కూలికి పోయి, కొందరు తిరిగివచ్చి, తక్కినవారు అచ్చటనే నిలిచిపోయిరి. ఈ ప్రసంగమున మేము ఆ కథను శ్రోతల ముందుంచదలచితిమి. సముద్రము నెన్నడును చూడని మెట్టసీమవారికి ఈ దీవుల చరిత్రతో పని యేమి యని కొందరు అడుగవచ్చును. కథ ముగియునప్పటికి ఆ ప్రశ్నకు సమాధానము దొరకగలదని మా నమ్మకము.

ఫిజీలో చిన్నవి పెద్దవి కలిపి మూడువందలకు పైగా దీవులున్నవి. వానిలో వీతిలేవు, వనువాలేవు అనునవి పెద్దవి. దీవులన్నింటి నేలను ఒకచోట చేర్చినచో 18 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. అనగా, 2022లో నంద్యాల జిల్లా విడివడుటకు పూర్వము మన కర్నూలు జిల్లా ఎంత యుండెనో, ఫిజీ దేశమంతయు దాదాపు అంతయే. అయితే మన జిల్లా ఒక్క ముద్దగా నున్నది. ఫిజీ నేల మాత్రము సముద్రముపై చల్లిన గింజలవలె నున్నది.

ఆ దీవులలో ఒక్క రాజు లేడు. తెగకొక నాయకుడు, నాయకునికి నాయకునికి వైరము. వారిలో బలవంతుడు బావు దీవికి చెందిన థాకొంబౌ. 1849లో అమెరికా వాణిజ్య దూత యిల్లు అగ్నిప్రమాదమున కాలిపోయి, సామగ్రి దోపిడికి గురికాగా, ఆ నష్టమునకును తదితర నష్టములకును కలిపి సుమారు 45 వేల డాలర్లు చెల్లింపవలెనని అమెరికావారు థాకొంబౌ మెడపై కూర్చుండిరి. యుద్ధనౌకలు వచ్చి బెదరించెను. ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధము జరిగి ప్రత్తికి ధర పెరుగుటచే, ఆస్ట్రేలియా, న్యూజిలాండుల నుండి తెల్లదొరలు వచ్చి ఫిజీలో ప్రత్తి తోటలు వేసిరి. వారికి భూమి కావలెను, కూలీలు కావలెను, తమ ఆస్తికి కాపుగా నొక ప్రభుత్వమును కావలెను. అప్పుల వారొక ప్రక్క, తోటల వారొక ప్రక్క పట్టి లాగుచుండగా, థాకొంబౌయును తక్కిన నాయకులును 1874 అక్టోబరు 10వ తేదీన లెవూకా పట్టణమున దానపత్రముపై వ్రాలు చేసిరి. న్యూసౌత్ వేల్సు గవర్నరు సర్ హెర్క్యులీస్ రాబిన్సన్ బ్రిటిషు రాణి పక్షమున దానిని స్వీకరించెను.

ఆ దానమునకు తొలి ఫలము మృత్యువు. థాకొంబౌను సిడ్నీ నగరము చూపుటకు గొనిపోయి, 1875 ఆరంభమున ‘డైడో’ అను యుద్ధనౌకపై తిరిగి తెచ్చిరి. ఓడలో తట్టు సోకియుండెను. రోగులను వేరుగా నుంచు ఏర్పాటు చేయక, వచ్చినవారిని దిగనిచ్చిరి. రాజును చూడవచ్చిన నాయకులు ఆ రోగమును తమ తమ ఊళ్లకు మోసికొనిపోయిరి. అంతకుముందు తట్టు ఎరుగని ఆ ప్రజలలో కొద్ది నెలలలోనే సుమారు 40 వేలమంది మరణించిరి. నలుగురిలో ఒకరిని మించి పోయిరని చరిత్రకారులు చెప్పుదురు.

ఫిజీ చేత చిక్కిన పిదప బ్రిటిషువారు పసిఫిక్‌లోని తక్కిన చిన్న దీవులపైకిని చేయి చాచిరి. 1877లో పశ్చిమ పసిఫిక్ హైకమిషనరు పదవిని సృష్టించి, ఫిజీ గవర్నరునకే ఆ అధికారమును కూడ నిచ్చిరి. 1892లో గిల్బర్టు, ఎల్లిసు దీవులు, 1893లో సాలమన్ దీవులు వారి రక్షణలోనికి వచ్చినవి. 1900లో టోంగా రాజు తన సింహాసనమును నిలుపుకొని, విదేశ వ్యవహారములను వారికి విడిచెను. 1906లో న్యూ హెబ్రిడీసు దీవులను ఇంగ్లీషువారును ఫ్రెంచివారును ఉమ్మడిగా ఏలనారంభించిరి. రెండు ప్రభుత్వములు, రెండు పోలీసు బలగములు, రెండు విధముల న్యాయము! ఒక ఇంటికి ఇద్దరు యజమానులన్నట్లు 1980 వరకు ఆ పాలన సాగినది.

ఈ పాలన ఎట్టిదో తెలిసికొనుటకు బనబా అను ఒక్క దీవి చాలును. దాని విస్తీర్ణము ఆరు చదరపు కిలోమీటర్లు. మన నందికొట్కూరు చుట్టుప్రక్కల ఒక్క పెద్ద గ్రామపు పొలిమేర అంతకంటె విశాలముగా నుండును. 1900లో ఆల్బర్టు ఎల్లిస్ అనునతడు ఆ దీవి నేలలో ఫాస్ఫేటు అను విలువైన ఎరువు రాయిని కనుగొని, ఏటికి 50 పౌండ్ల చొప్పున 999 ఏండ్లకు త్రవ్వుకొను హక్కు వ్రాయించుకొనెను. వ్రాసి యిచ్చినవారికి ఆ కాగితము చదువ రాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండుల పచ్చిక బయళ్లకు సారము పోసిన ఆ దీవి, తాను బోడిరాళ్ల గుట్టగా మిగిలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1945 డిసెంబరులో, సుమారు ఏడువందలమంది బనబా ప్రజలను ఓడ నెక్కించి ఫిజీలోని రాబీ దీవిలో దింపిరి. వారు లండను న్యాయస్థానమున వ్యాజ్యము నడపగా, 1976లో న్యాయమూర్తి తీర్పు చెప్పుచు, ప్రభుత్వము వారి విషయమున చట్టరీత్యా నిర్బంధింపదగిన ధర్మకర్త కాదనెను. 1980 ప్రాంతమున శ్రీశైలము జలాశయపు నీరు నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల పల్లెలను ముంచినపుడు గడప విడిచి వచ్చిన కుటుంబములకు, బనబావారి దుఃఖమును గూర్చి మేము వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇక ఫిజీ కథకు వత్తము. 1875 జూన్‌లో సర్ ఆర్థర్ గోర్డన్ గవర్నరుగా వచ్చెను. అతడు సామాన్యపు దొర కాడు. ఫిజీ ప్రజలు తట్టుతో సగము కూలియుండుట చూచి, వారి భూమిని తెల్లవారికి అమ్ముట నిషేధించెను. ఊరి నాయకుల అధికారమును నిలిపెను. పన్నును నాణెములుగా గాక, పండిన పంటగా కట్టుటకు వీలు కల్పించెను. ఫిజీవారిని వారి ఊళ్లనుండి పెరికి తోటపనికి తోలరాదని శాసించెను. ఈ కట్టుబాట్ల వలననే ఈనాటికిని ఫిజీలో నూటికి ఎనుబది వంతులకు మించిన నేల ఆ దేశపు ఆదివాసుల సొత్తుగా నిలిచియున్నది. పసిఫిక్‌లో అనేక దీవుల ప్రజలకు దక్కని భాగ్యమిది. దీనిని మనము ఒప్పుకొనవలెను.

కాని గోర్డన్ దొర ముందు మరియొక లెక్క యుండెను. వలస రాజ్యము తన ఖర్చు తానే సంపాదించుకొనవలెను. లండను ఖజానా ఒక్క కాసు నియ్యదు. ఖర్చు రావలెనన్న తోటలు పండవలెను. తోటలు పండవలెనన్న కూలీలుండవలెను. ఫిజీవారిని తోలరాదని తానే శాసించియుండెను. సాలమన్, న్యూ హెబ్రిడీసు దీవుల నుండి కూలీలను మోసపుచ్చియు, ఎత్తుకొనిపోయియు తెచ్చు ఓడల ఆగడములను అణచుటకు 1872లోనే చట్టము వచ్చియుండెను. గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ దీవులలో గవర్నరుగా పనిచేసి, అచ్చటి చెరకు తోటలలో భారతీయ కూలీలను చూచినవాడు. కావున అతని చూపు హిందూదేశముపై పడెను. ఒక జాతిని కాపాడుటకై మరియొక జాతిని కాడికి పూన్చిన ఈ నిర్ణయమే తరువాతి నూరేండ్ల ఫిజీ చరిత్రకు మూలము.

అదే కాలమున హిందూదేశపు స్థితి యెట్లుండెను? 1876లో రెండు ఋతువుల వానలును తప్పిపోయినవి. అది ధాతనామ సంవత్సరము. మన అవ్వలు తాతలు “ధాత కరువు” అని చెప్పుకొనినది ఆ కరువునే. మద్రాసు రాజధాని యంతట ముప్పది లక్షలకు పైగా జనము నశించిరని అంచనా. కర్నూలు జిల్లా గతి మిక్కిలి ఘోరము. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఈ జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవ వంతు తరిగిపోయినది. ఆ కాలమున సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరువుపనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఇది ప్రాణము నిలుపుటకు చాలదని వాదింపవలసి వచ్చెను. నందికొట్కూరు తాలూకా మీదుగా పారు కర్నూలు–కడప కాలువను అప్పటికే ఇంగ్లీషు కంపెనీ యొకటి త్రవ్వించియుండెను. ఆ కంపెనీ వాటాదారులకు నూటికి ఐదు వంతుల వడ్డీ ఇప్పింతునని ప్రభుత్వము పూచీ పడియుండెను. వాటాదారుని వడ్డీకి పూచీ యుండెను. రైతు కడుపునకు పూచీ లేకుండెను. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసెను.

ఇట్టి దేశమున కూలీల కొరకు ఎంతో వెదకనక్కరలేదు. 1879 మే 14వ తేదీన ‘లియొనిడాస్’ అను ఓడ కలకత్తా నుండి నాలుగువందల అరువదిమందికి పైగా కూలీలతో లెవూకా రేవు చేరెను. త్రోవలో కలరా, మశూచి ఓడలో ప్రబలినవి. తట్టు నేర్పిన పాఠము జ్ఞాపకముండుటచే, ఈసారి వారిని వెంటనే దిగనీయక వేరుగా నుంచిరి. 1882లో సిడ్నీ నగరపు ‘కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ’ నౌసోరిలో చక్కెర మిల్లు పెట్టెను. అది మొదలు ఫిజీ యనగా చక్కెర, చక్కెర యనగా ఆ కంపెనీ, ఆ కంపెనీ యనగా భారతీయ కూలీ యన్నట్లాయెను.

తొలి యిరువది నాలుగేండ్లు కూలీలందరును కలకత్తా రేవు నుండియే పోయిరి. 1903లో మద్రాసు రేవును తెరచిరి. అప్పటి నుండి 1916 వరకు మద్రాసు ద్వారా పోయినవారు 15 వేలకు పైబడిరి. వారిలో తమిళులు, మలయాళులు, కన్నడిగులును కలరు. తెలుగువారు ముఖ్యముగా విశాఖపట్నము, గోదావరి, కృష్ణా జిల్లాల నుండియు, నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుండియు పోయిరి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు ఆ తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివే యగుటచే, మన సీమ అంచువారును ఆ ఓడలెక్కిరని చెప్పవచ్చును. రెండు రేవుల నుండియు కలిపి ఫిజీ చేరినవారు 60 వేలకు పైబడిరి.

వారు వేలిముద్ర వేసిన ఒప్పందమును ఇంగ్లీషులో ‘అగ్రిమెంటు’ అందురు. కూలీల నోట అది ‘గిర్మిటు’ అయినది. ఆ కాగితమున ఏమున్నదో చూతము. ఐదేండ్లు యజమాని చెప్పిన తోటలో పని చేయవలెను. వారమున ఐదు దినములు తొమ్మిదేసి గంటలు, శనివారము ఐదు గంటలు. మగవానికి దినమునకు ఒక షిల్లింగు, అనగా పన్నెండణాలు. ఆడుదానికి తొమ్మిది పెన్నీలు, అనగా తొమ్మిదణాలు. ఐదేండ్లు గడచిన పిమ్మట సొంత ఖర్చుతో తిరిగి రావచ్చును. పదేండ్లున్నచో ప్రభుత్వమే ఉచితముగా ఓడ నెక్కించును. కరువుపనిలో ఒక్క అణా చూచినవానికి పన్నెండణా లన్నమాట ఎట్లు వినబడియుండునో ఊహించుకొనవచ్చును.

కాగితమున స్పష్టముగా కనబడనివి వేరుగా నుండెను. పన్నెండణాలు దినమంతయు పని చేసినందుకు గాక, అప్పగించిన పని పూర్తియైనందుకు ఇచ్చునవి. ఆ పని ఎంతయో నిర్ణయించువాడు తెల్లదొర. ఇన్ని గొలుసుల పొడవున చెరకు కలుపు తీయవలెనని అతడు కొలిచి చూపును. బలవంతుడు సాయంత్రమునకు ముగించును, బలహీనుడు ముగింపలేడు. ముగింపనివానికి కూలి తెగును. అంతటితో పోలేదు. పనికి రాకుండుటయు, పని ముగింపకుండుటయు నేరములు. న్యాయస్థానమునకు ఈడ్చి జరిమానాయో చెరసాలయో వేయించుటకు యజమానికి హక్కు కలదు. చెరసాలలో గడపిన దినములను ఐదేండ్ల గడువునకు తిరిగి చేర్చుదురు. మన యూళ్లలో జీతగాడు మాట తప్పిన యజమాని తిట్టును, లేదా మానిపించును. అచ్చట ప్రభుత్వమే కట్టుత్రాడు పట్టుకొని నిలుచుండెను. అందుచేతనే దీనిని బానిసత్వమునకు మారుపేరని విమర్శకులు పిలిచిరి.

వారు నివసించిన ఇండ్లకు ‘లైన్లు’ అని పేరు. పొడవైన ఒక కొట్టమును వరుస గదులుగా విభజింతురు. గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవారు గాని, ఒక కుటుంబము గాని ఉండవలెను. గదికి గదికి నడుమ గోడ కప్పు వరకు పోదు. ఒకరి పొయ్యి పొగ పదిమంది కండ్లలో, ఒకరి యింటి మాట పదిమంది చెవులలో. నూరుమంది మగవారికి నలువదిమంది స్త్రీలను పంపిన చాలునని నియమము. ఆ నియమము వలన ఎన్ని కుటుంబములు పాడయ్యెనో, ఎన్ని హత్యలు జరిగెనో, నాటి విచారణ పత్రములు సాక్ష్యమిచ్చుచున్నవి. కూలీలు ఆ లైన్లను నరకమనిరి.

దక్షిణాదివారికి మరియొక కష్టము. ఇరువది నాలుగేండ్లు ముందుగా వచ్చిన ఉత్తరాదివారి హిందుస్తానీయే తోటలలో వాడుక భాష. సర్దారు తిట్టినను, న్యాయస్థానమున ప్రశ్నించినను ఆ భాషయే. తెలుగు కూలీకి తన తప్పు తెలియదు, తన సాకు చెప్పుకొనలేడు. ఫిజీ తోటలలో ఆత్మహత్యలు భారతీయ కూలీలు పోయిన దేశము లన్నింటిలోకెల్ల ఎక్కువగా నుండెను. వానిలో దక్షిణాదివారి వంతు వారి జనసంఖ్యను మించియుండెను. పని కఠినమైనను ఓర్చుకొనవచ్చును. చెప్పుకొనుటకు తోడు లేని దుఃఖమును ఓర్చుకొనుట కష్టము.

ఈ సంగతులు దేశమునకు తెలియుటకు చాల కాలము పట్టెను. 1912లో గోపాలకృష్ణ గోఖలే వైస్రాయి శాసనసభలో గిర్మిటు పద్ధతిని ఎత్తివేయవలెనని తీర్మానము ప్రవేశపెట్టెను. ప్రభుత్వ సభ్యుల సంఖ్యాబలముచే అది ఓడిపోయెను. ఆ యేటనే గాంధీజీ ప్రోత్సాహమున మణిలాల్ డాక్టరు అను న్యాయవాది కూలీల పక్షమున వాదించుటకు ఫిజీ చేరెను. 1913లో కుంతి అను యువతి, ఒంటరిగా పని చేయుచున్న తనను పట్టుకొనవచ్చిన తెల్ల మేస్త్రీ నుండి తప్పించుకొనుటకు నదిలో దూకెను. పడవలో నున్న ఒక బాలుడు ఆమెను కాపాడెను. ఆమె చెప్పిన మాటలు కలకత్తా పత్రికలో అచ్చుకాగా దేశమంతట అలజడి పుట్టెను. ఇరువదియొక్క యేండ్లు ఫిజీలో గడపి వచ్చిన తోతారామ్ సనాఢ్య తన అనుభవములను హిందీలో గ్రంథముగా ప్రకటించెను. 1915లో దీనబంధు ఆండ్రూస్, పియర్సన్ అను మిత్రులు ఫిజీకి పోయి లైన్లు తిరిగి చూచి, మరుసటి యేట నివేదిక వెలువరించిరి. 1916 మార్చిలో మదనమోహన మాలవీయ మరల తీర్మానము తేగా, వైస్రాయి హార్డింజ్ దానికి సమ్మతించెను. ఆ నవంబరు 11వ తేదీన ‘సట్లెజ్’ ఓడ కడపటి గిర్మిటు కూలీలను దింపెను. 1920 జనవరి 1వ తేదీతో మిగిలిన ఒప్పందములన్నియు రద్దయినవి.

ఈ విజయమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. తుపాకి లేదు, యుద్ధము లేదు. కూలీ స్త్రీ యొకతె చెప్పిన మాట, తిరిగివచ్చిన కూలీ వ్రాసిన పుస్తకము, కండ్లతో చూచి వ్రాసిన నివేదిక — ఇవి ఒక సామ్రాజ్యపు వ్యాపారమును ఆపినవి. ఫిజీ కూలీల కొరకు జరిగిన ఆందోళనమునే దేశమంతట ఏకమై సాధించిన తొలి విజయములలో నొకటిగా మేము ఎంచుచున్నాము.

గడువు తీరిన కూలీలలో మూడింట ఒక వంతుకు పైగా తిరిగివచ్చిరి. తక్కినవారు అచ్చటనే నిలిచిరి. తిరిగి వత్తమన్న కులమువారు చేర్చుకొందురో లేదో యను భయము కొందరికి. అచ్చట పెండ్లియాడి బిడ్డలను కనుటచే కదలలేనివారు కొందరు. చక్కెర కంపెనీ తన భూములను పదేసి యెకరముల చెక్కలుగా చేసి వారికి కౌలుకిచ్చెను. కొందరు ఫిజీ తెగల భూమిని కౌలుకు తీసికొనిరి. కూలీ రైతాయెను, కాని సొంత రైతు కాలేదు. నేల ఫిజీవారిది, మిల్లు కంపెనీది, చెమట భారతీయునిది.

తమ భాషను, ఆచారమును నిలుపుకొనవలెనని దక్షిణాదివారు 1926లో నాండి పట్టణమున సాధు కుప్పుస్వామి నాయకత్వమున ఒక సంగము స్థాపించిరి. ఆ సంగము పాఠశాలలు కట్టెను. 1937లో రామకృష్ణ మఠము నుండి అవినాశానంద స్వామియు, 1939లో రుద్రానంద స్వామియు వచ్చి ఆ పనికి ఊతమిచ్చిరి. అయితే తమిళమునకు జరిగినంత ఆదరణ తెలుగునకు జరుగుట లేదని భావించి, తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును వేరుగా పెట్టుకొనిరి. సముద్రముపై అంత దూరమున పిడికెడుమంది తెలుగువారు తమ అక్షరముల కొరకు వేరింటి కాపురము పెట్టిన సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాదు. వారి మనుమలు ఇంట నేడు ఎక్కువగా ఫిజీ హిందీయే మాట్లాడుదురు. రెడ్డి, నాయుడు, రావు అను పేర్లు మాత్రము చెక్కు చెదరలేదు.

1946 జనాభా లెక్కలలో భారతీయ సంతతివారి సంఖ్య ఫిజీ ఆదివాసుల సంఖ్యను కొంచెము మించెను. ఇంటివారి కంటె వచ్చినవారు ఎక్కువైరను భయము నాటి నుండి ముదిరెను. ఇద్దరి నడుమ మధ్యవర్తిగా బ్రిటిషువారు కూర్చుండి, జాతికొక ఓటరుల పట్టిక వేరుగా నుంచి, కలిసి వోటు వేయు అలవాటు కాకుండ చూచిరి. 1970 అక్టోబరు 10వ తేదీన, దానపత్రము వ్రాసి సరిగా 96 ఏండ్లు నిండిన దినమున, ఫిజీ స్వతంత్రమయ్యెను. కాని చిక్కుముడి విప్పబడలేదు. 1987 మే 14వ తేదీన, తొలి కూలీల ఓడ చేరిన దినముననే, కర్నల్ రబూకా సైన్యముతో ప్రభుత్వమును కూలద్రోసెను. భారతీయులు వేలకొలది ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడాలకు తరలిపోయిరి. 2007 లెక్కలనాటికి వారి వంతు నూటికి 37కు కొంచెము పైగా మాత్రమే. ముప్పది యేండ్ల కౌలుగడువులు 1997 నుండి తీరనారంభించుటచే, మూడు తరములు సాగు చేసిన చెరకు నేలను విడిచి పట్టణము చేరినవారును పెక్కురు.

ఈ చీకటిలో వెలుగులు లేకపోలేదు. లౌటోకా పట్టణమున జన్మించిన దక్షిణ భారత సంతతివాడు జైరామ్ రెడ్డి 1997లో ఫిజీ మహానాయకుల సభలో ప్రసంగించెను. భారతీయ సంతతి నాయకుడొకడు ఆ సభ ముందు మాట్లాడుట అదియే మొదలు. తన ప్రభుత్వమును ఒకనాడు కూల్చిన రబూకాతోనే కూర్చుండి, అతడు ఇరుజాతులకు సమ్మతమగు రాజ్యాంగమును కుదిర్చెను. 2000లోను 2006లోను మరల తిరుగుబాట్లు జరిగినను, ఆ ప్రయత్నము వ్యర్థము కాలేదు. 2023లో గిర్మిటు దినమునకు సెలవు ప్రకటించిరి. ఆ యేట మే 14వ తేదీన, మరల ప్రధానమంత్రియైన రబూకా 1987 నాటి తన కృత్యమునకు బహిరంగముగా క్షమాపణ కోరెను.

ఇంతవరకు చెప్పిన దానినిబట్టి బ్రిటిషు పాలనను గూర్చి ఏమని తీర్పు చెప్పవలెను? ఫిజీవారి నేలను కాపాడిరన్నది నిజము. ఆ కాపుదలకు వెలను మాత్రము తాము చెల్లింపలేదు. ఆ వెలను మన కూలీలచేత చెల్లింపించిరి. ఫిజీవారిని అడుగకయే వారి యింటికి అరువదివేలమంది అతిథులను తెచ్చిరి. అతిథులకు ఆ ఇంటి నియమములు చెప్పకయే తెచ్చిరి. పోవునపుడు లెక్క తేల్చకయే పోయిరి. కావున నేడు ఫిజీ ఆదివాసిని నిందించుట గాని, భారతీయ సంతతివానిని నిందించుట గాని న్యాయము కాదు. దానపత్రమున ఒకరు, గిర్మిటు కాగితమున ఒకరు చిక్కుకొనిరి. ఇద్దరికిని కాగితము వ్రాసిన చేయి ఒక్కటియే.

ఈ కథతో మనకు పని యేమి యను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. వానలు తప్పిన ఏట మన పడమటి తాలూకాలవారు నేటికిని సుగ్గికి పోవుచున్నారు. బిడ్డలను బడి మానిపించి గుంటూరు మిరప చేలకు బండ్లెక్కుచున్నారు. కడప జిల్లా నుండి కువైటు మొదలగు అరబ్బు దేశములకు ఆడవారును మగవారును పోవుచున్నారు. పోవుట తప్పు కాదు. ఊరు కూడు పెట్టనపుడు కాళ్లే దిక్కు. కాని మేస్త్రీ చెప్పిన కూలికిని చేతికి వచ్చు కూలికిని నడుమ ఎంత కోత యున్నదో, కాగితము ఏ భాషలో నున్నదో, జబ్బు చేసిన దినమునకు లెక్క యెట్లో, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిదో, పోయినవాడు కష్టమున పడినచో ఎవరికి జాబు వ్రాయవలెనో — ఈ ఐదింటిని బయలుదేరక ముందే అడిగి తెలిసికొనవలెను. గిర్మిటు కూలీలకు ఇవి అడుగుటకు అవకాశము లేకుండెను, చదివి చెప్పువారును లేకుండిరి. మన యిండ్లలో చదివి చెప్పగల పిల్లలున్నారు. వేలిముద్ర వేయుటకు ముందు కాగితమును వారిచేత ఒక్కమారు పైకి చదివించుకొనుడు.